పూత వెనక మనిషి: ఎల్లాప్రగడ సుబ్బారావు

ఇప్పుడు శ్రీకాకుళంలో ఉద్దానం పేరు చెప్తే కొబ్బరితోటల కన్నా ముందు కిడ్నీ జబ్బే గుర్తొస్తోంది. డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు చాలామందికి మెడ దగ్గర రక్తనాళంలోకి కాథెటర్ అనే గొట్టం వేస్తారు. చెరువు మెట్ల మీద పాచి పట్టినట్టు, దాని మీద బాక్టీరియా అతుక్కుని జిగురు పొర కడుతుంది. ఆ పొరలోకి మందు సరిగ్గా దిగదు. అందుకే గొట్టానికే మందు పట్టించాలన్న ఆలోచన వచ్చింది. ఆ మందు ఎక్కడిదా అని వెనక్కి వెళ్తే మన తెలుగాయనే కనిపిస్తారు.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ప్రొఫెసరుకి కోపం తెప్పించారు. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ ఇచ్చి పంపారు. 1923లో భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి బోస్టన్ వెళ్ళారు. చదువుకుంటూనే రాత్రిళ్ళు ఆస్పత్రిలో పనివాడిగా చేశారు.

1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కిడ్నీ పాడైతే ఫాస్ఫరస్ పెరుగుతుంది కాబట్టి డయాలసిస్ పేషెంట్ల రిపోర్టులో డాక్టర్లు ఆ అంకె తప్పక చూస్తారు. తర్వాత కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అయినా హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, పరిశోధనా డైరెక్టర్ అయ్యారు. 1945లో ఆయన టీం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకి అది పనికొచ్చే మందు. అన్నదమ్ములకి మాత్రం అందలేదు.

ఆయన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. అప్పటికి 53 ఏళ్ళు. వెళ్ళిన మనిషి ఇంటికి తిరిగి రానేలేదు.

ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఆ కుటుంబంలోని మినోసైక్లిన్ కూడా తర్వాత లెడర్లీలోనే పుట్టింది. ఇవాళ రిఫాంపిసిన్‌తో కలిపి దాన్ని కొన్ని కాథెటర్లకి పట్టిస్తున్నారు, పేస్‌మేకర్‌కి తొడిగే వల సంచికి పూస్తున్నారు. మందు మెల్లగా బయటికి వస్తూ బాక్టీరియాను పొర కట్టనివ్వదు. కానీ కొన్నాళ్ళకి మందు అయిపోతుంది. అసలు ఏదీ అంటుకోని పూత ఎక్కువకాలం నిలిచేలా చెయ్యడం ఇంకా తేలని లెక్కే. అది డాక్టర్లు ఒక్కరే చేసే పని కాదు. కెమికల్, మెటీరియల్స్ వాళ్ళదీ.

ప్రాజెక్టు టాపిక్ కోసం వెతుకుతున్నవాళ్ళు ఒకసారి ఉద్దానం వైపు చూడండి.