పౌరసత్వం కోసం నాలుగు దశాబ్దాల పోరు: తొండమాన్ జీవితం

శ్రీలంక తేయాకు తోటల్లోని భారత సంతతి తమిళుల చరిత్రలో అక్టోబరు 30 రెండు విధాలుగా గుర్తుండిపోయే తేదీ. లక్షలాది మందిని భారత్‌కు తరలించాలన్న ఒప్పందం 1964లో ఆ రోజునే కుదిరింది. ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించిన కార్మిక నాయకుడు సౌమ్యమూర్తి తొండమాన్ 1999లో అదే రోజున కన్నుమూశారు.

తొండమాన్ 1913 ఆగస్టు 30న నేటి తమిళనాడులోని మునప్పుదూరు గ్రామంలో జన్మించారు. ఆయన తండ్రి కరుప్పయ్య పొట్ట చేతబట్టుకొని సిలోన్ వెళ్లి, కాలక్రమంలో రాంబోడా ప్రాంతంలో ఒక తేయాకు తోటకు యజమాని అయ్యారు. బాల్యంలోనే తండ్రి వద్దకు చేరిన తొండమాన్ గంపోలాలో చదువుకున్నారు. యజమాని కుమారుడై ఉండి కూడా ఆయన కూలీల పక్షాన నిలిచారు.

ఆర్థిక మాంద్యం మిగిల్చిన నిరుద్యోగం నడుమ, 1939లో సిలోన్ ప్రభుత్వం తన శాఖల్లోని భారతీయ దినకూలీలను తొలగించి స్వదేశానికి పంపేందుకు ఉపక్రమించింది. జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా వెళ్లి చర్చించినా ప్రయోజనం లేకపోయింది. ఆ పర్యటన సందర్భంగానే సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ ఆవిర్భవించింది. దాని గంపోలా శాఖలో చేరిన తొండమాన్ 1945లో సంస్థ అధ్యక్షులయ్యారు. ఇదే తరువాత సిలోన్ వర్కర్స్ కాంగ్రెస్‌గా మారింది.

1947 ఎన్నికల్లో ఆయన నువారా ఎలియా నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాదే వచ్చిన పౌరసత్వ చట్టం తోట కార్మికుల్లో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మార్చివేసింది. 1949లో వారి ఓటు హక్కు కూడా పోయింది. అదే ఏడాది వచ్చిన మరో చట్టం కింద 8 లక్షలకు పైగా ప్రజలు దరఖాస్తు చేసుకోగా, పౌరసత్వం దక్కింది సుమారు 1.34 లక్షల మందికే. 1952లో తొండమాన్ నాయకత్వంలో కొలంబోలో సాగిన సత్యాగ్రహం సైతం ప్రభుత్వాన్ని కదిలించలేకపోయింది.

1964లో ప్రధానమంత్రులు సిరిమావో బండారనాయకే, లాల్ బహదూర్ శాస్త్రి కుదుర్చుకున్న ఒప్పందం 9.75 లక్షల మంది భవితవ్యాన్ని అంకెల్లో తేల్చింది. 5.25 లక్షల మందిని భారత్ స్వీకరించాలి, 3 లక్షల మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలి. మిగిలిన 1.5 లక్షల మందిని 1974లో ఇందిరా గాంధీ హయాంలో ఇరుదేశాలు చెరిసగం పంచుకున్నాయి. ఆ ప్రజల అభిప్రాయాన్ని గాని, వారి ప్రతినిధుల సమ్మతిని గాని ఎవరూ కోరలేదన్నదే తొండమాన్ ప్రధాన అభ్యంతరం.

ఒప్పందం స్వచ్ఛందమని చెప్పినా, దాని అమలుకు ఊపునిచ్చింది ఆకలి. 1973-74లో ఆహార దిగుమతుల ధరలు పెరిగి, రేషన్ తగ్గి, తోటల్లో పనిదినాలు కుంచించుకుపోయాయి. లైన్ ఇళ్లలో ఆకలి చావులు సంభవించాయి. మరోవైపు తోటలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడంతో అనేకులు నిర్వాసితులయ్యారు. బతుకుదెరువు లేక ఎందరో భారత్‌కు దరఖాస్తు చేసుకున్నారు. తలైమన్నార్ నుంచి రామేశ్వరం వెళ్లే ఓడ ఎక్కినవారిలో చాలామంది ఆ ద్వీపంలోనే పుట్టినవారు. తల్లిదండ్రులు ఒక దేశానికి, ఎదిగిన పిల్లలు మరొక దేశానికి చెందిన కుటుంబాలూ ఉన్నాయి.

1984లో ఓడ రాకపోకలు నిలిచిపోయే నాటికి 3 లక్షలకు పైగా ప్రజలు భారత్ చేరారు. కొందరికి నీలగిరుల్లోని ప్రభుత్వ తేయాకు తోటల్లో పని దొరికింది. మరికొందరు కొడైకెనాల్ కొండల్లో వెట్టిచాకిరీలో చిక్కుకున్నారు.

1977లో మళ్లీ ఎన్నికైన తొండమాన్ మరుసటి ఏడాది జయవర్ధనే మంత్రివర్గంలో చేరారు. ప్రత్యేక దేశం కోరిన తమిళ పక్షాలకు దూరమై, వరుస ప్రభుత్వాల్లో కొనసాగినందుకు అవకాశవాదిగా విమర్శలు ఎదుర్కొన్నారు. అయితే తేయాకు ఎగుమతులపై ఆధారపడిన దేశంలో కార్మికుల ఐక్యతే తన బలమని ఆయన ఎరిగి ఉన్నారు. 1986 ఆరంభంలో కార్మికులు పని ఆపి సాగించిన ప్రార్థనల ఉద్యమంతో ప్రభుత్వం దిగివచ్చింది. 1986, 1988 చట్టాలు మిగిలినవారికి పౌరసత్వ మార్గం తెరిచాయి.

ఆ విజయం ఉండిపోయినవారికే దక్కింది. అప్పటికే సముద్రం దాటినవారికి తిరుగు ఓడ లేదు. వారిని పంపించిన అంకెల్లోని అన్యాయాన్ని నాలుగు దశాబ్దాలు ప్రశ్నించడమే తొండమాన్ జీవితానికి అర్థం.