ఓటమిలో విజేత – జయసింహ

క్రీడాకారుని గొప్పతనాన్ని గెలుపోటములు మాత్రమే నిర్ణయించవు. జట్టు కష్టదశలో ఉన్నప్పుడు అతడు చూపే నిబ్బరమే అతనికి చిరకీర్తిని సమకూరుస్తుంది. ఇందుకు తార్కాణం సుప్రసిద్ధ క్రికెటర్ ఎం.ఎల్. జయసింహ జీవితం.

జయసింహ 1939 మార్చి 3న సికింద్రాబాదులో జన్మించారు. 1954-55లో, పదిహేనేండ్ల ప్రాయంలోనే హైదరాబాదు పక్షాన రంజీ ట్రోఫీలో అడుగుపెట్టి, ఆంధ్ర జట్టుపై 90 పరుగులు చేశారు. 1959లో ఇంగ్లండులోని లార్డ్స్ మైదానంలో తొలి టెస్టు ఆడారు. 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టులో అయిదు రోజులూ బ్యాటింగ్ చేశారు. టెస్టు క్రికెట్ చరిత్రలో ఈ ఘనత సాధించిన ప్రథముడు ఆయనే.

అయినప్పటికీ 1967 చివర ఆస్ట్రేలియాకు బయలుదేరిన భారత జట్టులో ఆయనకు చోటు దక్కలేదు. అక్కడ తొలి రెండు టెస్టులలోనూ భారత్ పరాజయం పాలైంది. బౌలర్ చంద్రశేఖర్ గాయపడి వైదొలగగా జయసింహకు పిలుపు వచ్చింది. తనను ముందుగా ఎంపిక చేయలేదన్న అసంతృప్తిని దరిచేరనీయక ఆయన హుటాహుటిన విమానంలో బయలుదేరారు. తగినంత సాధనకు వ్యవధి లేకుండానే 1968 జనవరిలో బ్రిస్బేన్ టెస్టు బరిలో దిగారు. మొదటి ఇన్నింగ్స్‌లో 74 పరుగులు సాధించారు. రెండవ ఇన్నింగ్స్‌లో భారత్ లక్ష్యం 395 పరుగులు. చందూ బోర్డే తోడుగా ఇన్నింగ్స్‌ను చక్కదిద్ది, సహచరులు ఒక్కొక్కరే వెనుదిరుగుతున్నా చలించక 101 పరుగులు చేశారు. చివరి వికెట్టుగా ఆయన నిష్క్రమించేసరికి భారత్ స్కోరు 355. గెలుపు 39 పరుగుల దూరంలో చేజారింది. అయినా ఆ శతకం క్రికెట్ అభిమానుల మనస్సులలో చెరగని ముద్ర వేసింది.

జయసింహ 39 టెస్టులలో మూడు శతకాలతో 2056 పరుగులు చేశారు. భారత జట్టుకు ఎన్నడూ నాయకత్వం వహించకపోయినా, హైదరాబాదు జట్టును పదహారు సీజన్ల పాటు నడిపించారు. భారత జట్టు నాయకుడైన పటౌడీ సైతం హైదరాబాదుకు ఆడేటప్పుడు ఆయన నాయకత్వంలోనే ఆడారు. సునీల్ గవాస్కర్ తన కుమారునికి పెట్టిన రోహన్ జైవిశ్వ అనే పేరులో జయసింహ పేరును కూడా జోడించారు.

1971లో వెస్టిండీస్‌లో జయసింహ చివరి టెస్టు ఆడారు. 1999 జులై 6న సైనిక్‌పురిలో కన్నుమూశారు. ఆ ప్రాంతం 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరింది. అవకాశం ఆలస్యంగా లభించినా దానిని నిండు మనస్సుతో స్వీకరించి, ఫలితంతో నిమిత్తం లేకుండా కర్తవ్యాన్ని నిర్వర్తించడమే ఆయన జీవితం యువతరానికి అందించే సందేశం.