బళ్లారి గుట్టల నుంచి బరోడా దాకా: ఆర్కియాలజీలో ఓ తెలుగు పేరు

ఆర్కియాలజీ చదివితే ఉద్యోగం వస్తుందా? బోధన్‌లో డిగ్రీ పూర్తిచేసినా, డిచ్‌పల్లిలో పీజీ చేస్తున్నా ఇంట్లో ముందు అడిగేది ఇదే. దేశంలో ఈ సబ్జెక్టు నేర్పే విభాగాలు వేళ్లమీద లెక్కపెట్టేలా ఉన్న రోజుల్లోనే ఈ దారి పట్టారు బెండపూడి సుబ్బారావు.

1921లో పుట్టిన ఆయన పుణెలోని డెక్కన్ కాలేజీలో చేరారు. అక్కడ గురువు హెచ్.డి. సంకాలియా. పరిశోధనకు సుబ్బారావు ఎంచుకున్నది బళ్లారి ప్రాంతం. సంగనకల్లు గుట్ట దగ్గర తవ్వి, ఏ పొరలో ఏ పనిముట్లు దొరికాయో వరుసగా రాసుకున్నారు. కింది పొర పాతది, పై పొర కొత్తది. లెక్క సింపులే, కానీ నోట్స్‌లో ఒక్క పొర తారుమారైతే చరిత్రే తారుమారు. ఆ పరిశోధన 1948లో పుస్తకమైంది.

తర్వాత బరోడాలోని ఎం.ఎస్. యూనివర్సిటీకి వెళ్లి, 1950లో మొదలైన ఆర్కియాలజీ విభాగాన్ని నిలబెట్టారు. 1952-53లో నర్మద ఒడ్డున మహేశ్వర్, నవ్‌దాతోలి తవ్వకాల్లో మళ్లీ గురువుతో కలిసి పనిచేశారు.

అసలు ప్రశ్న

1956లో ఆయన రాసిన 'ది పర్సనాలిటీ ఆఫ్ ఇండియా' వచ్చింది. రెండేళ్లకే రెండో కూర్పు. కొన్ని నదీలోయలు జనాన్ని, రాజ్యాలను పదేపదే ఎందుకు లాక్కున్నాయి? కొండలు, అడవుల్లో పాత జీవన పద్ధతులు ఎందుకు ఎక్కువ కాలం నిలిచాయి? నేల, నీరు, దారులను కలిపి జవాబు వెతికారు. తర్వాతి పండితులు దాంతో విభేదించారు, చర్చ మాత్రం ఆగలేదు. 1962లో ఆయన కన్నుమూశారు. నిండా 42 ఏళ్లు కూడా లేవు.

ఆ ప్రశ్న మన ఊరికీ సరిపోతుంది. చాలామంది చరిత్రకారులు అశ్మక రాజధాని పోదనను బోధన్‌గా గుర్తిస్తారు. నిజాంసాగర్ కాలువ రాకముందు, 1937లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టకముందు, ఇక్కడికి జనాన్ని రప్పించింది ఏంటి? మంజీర నీళ్లా, నల్లరేగడా, వర్తక దారులా?

మీరు చదవాలంటే

డెక్కన్ కాలేజీ, బరోడా విభాగాలు ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది. భారత పురావస్తు శాఖ గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతోంది. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి. పోస్టులు తక్కువే, పోటీ గట్టిది. కాబట్టి పీజీతో పాటు నెట్‌కు ప్రిపేర్ అవ్వండి, జీఐఎస్ మ్యాపింగ్ నేర్చుకోండి. అప్లై చేసే ముందు నిజామాబాద్ తిలక్ గార్డెన్ మ్యూజియంలో ఓ పూట గడపండి. ఈ పని మీకు నచ్చుతుందో లేదో కొంతైనా తెలుస్తుంది.