జేమ్సు వాట్టు మహాశయుఁడు

ఆవిరియంత్రమును సంస్కరించిన జేమ్సు వాట్టు 1736లో స్కాట్లండునందలి గ్రీనాకు పట్టణమున జన్మించెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమునఁ బరికరములు చేయుచుండఁగా నాతనికి న్యూకొమెను యంత్రపు నమూనాను బాగుచేయు పని తటస్థించెను. సిలిండరు మాటిమాటికిఁ జల్లఁబడి వేఁడెక్కుటచే బొగ్గు వ్యర్థమగుటను గ్రహించి, ఆవిరిని వేఱొక పాత్రలోఁ జల్లార్చు నుపాయమును 1765లోఁ గనిపెట్టెను. 1769లోఁ బేటెంటు లభించినను ధనము చాలదయ్యెను. ఆదుకొన్న రోబక్కు అప్పులలో మునిఁగెను. 1775లో బర్మింగుహాము కర్మాగారాధిపతి మాథ్యూ బౌల్టను భాగస్వామి యయ్యెను. పాతయంత్రముకంటె మిగిలిన బొగ్గువెలలో మూఁడవవంతు మాత్రమే గనుల యజమానులు చెల్లింపవలసియుండుటచే నుభయులకును లాభము గలిగెను. అయినను 1800లోఁ బేటెంటు తీఱువఱకుఁ బోటీదారుల యత్నములను వీరు న్యాయస్థానములలో నడ్డగించిరి. 1819లో వాట్టు కీర్తిశేషుఁ డయ్యెను.

బుద్ధి త్రోవ చూపును, ధనము నడపించును, లాభాపేక్ష మితిమీఱినచో నడ్డుగోడ యగును. కావున ధనికులగు సోదరులు ప్రతిభావంతులకు బౌల్టనువలెఁ దోడ్పడుదురు గాక.