గదిలో పట్టేంత తరంగం

మొన్న సెమినార్‌లో ఒక సీనియర్ టెరాహెర్ట్జ్ గురించి చెప్పాడు. రెండు రంగుల లేజర్ కాంతిని గాలిలో ఒకచోట ఫోకస్ చేస్తే, ఆ గాలే ప్లాస్మాగా మారి టెరాహెర్ట్జ్ తరంగాలు పుట్టిస్తుందట. పుట్టించడం ఒక ఎత్తు, కావలసిన వైపు పంపడం ఇంకో ఎత్తు. ఈ తిప్పలు ముందు ఎవరు పడ్డారా అని వెతికితే జగదీశ్ చంద్ర బోస్ దొరికారు. నాకు అప్పటిదాకా ఆయనంటే మొక్కల సైంటిస్ట్, అంతే.

1858లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో పుట్టారు. నాన్న పెద్ద ఉద్యోగి అయినా, కొడుకుని ముందు బెంగాలీ బడిలోనే వేశారు. (ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం నాది. ఇక్కడ కొంచెం గుచ్చుకుంది.) కేంబ్రిడ్జ్‌లో చదివొచ్చి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. భారతీయుడు కాబట్టి జీతం తక్కువన్నారు. ఆయన పాఠాలు మానలేదు, జీతం మాత్రం ముట్టుకోలేదు. ఇంట్లో అప్పులున్నా మూడేళ్లు అలాగే లాగారు. చివరికి కాలేజీ వాళ్లే దిగొచ్చి బకాయిలతో సహా పూర్తి జీతం ఇచ్చారు.

అసలు కథ ఆయన చిన్న గదిలో ఉంది. హెర్ట్జ్ వాడిన తరంగం పొడవు 60 సెంటీమీటర్లకు పైనే. దాన్ని ఒకవైపు పంపాలంటే 2 మీటర్ల ఎత్తు జింక్ అద్దాలు కావాలి. బోస్ రివర్స్‌లో ఆలోచించారు. అద్దం పెంచే బదులు తరంగాన్నే తగ్గించారు, 5 మిల్లీమీటర్ల దాకా! దాంతో సామానంతా బల్ల మీదకొచ్చేసింది. గొట్టం మూతిని గరాటులా వెడల్పు చేశారు. ఇప్పుడు మనం హార్న్ యాంటెన్నా అంటున్నది అదే. లెన్స్ గంధకంతో చేశారు. తరంగం ఊగే దిక్కును తిప్పడానికి మెలిపెట్టిన జనపనార వాడారు. ఇంకోటి నాకు బాగా నచ్చింది: బ్రాడ్‌షా రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకంలో పేజీకీ పేజీకీ మధ్య తగరపు రేకులు పెట్టారు. అదీ ఆయన పోలరైజర్! సామాను లేదని మినీ ప్రాజెక్ట్ వాయిదా వేసిన నాకు ఇది చదివాక నోట మాట రాలేదు.

తర్వాత కలకత్తా టౌన్ హాల్లో అందరి ముందు గోడల అవతలికి తరంగాలు పంపి గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. పేటెంట్ల మీద ఆయనకు ఆసక్తి లేదు. మిత్రుల బలవంతం మీద 1904లో అమెరికాలో ఒకటి వచ్చినా పట్టించుకోలేదు.

ఆపైన మొక్కల వైపు వెళ్లిపోయారు, 1937లో గిరిడీలో కన్నుమూశారు. ఆయన 5 మిల్లీమీటర్లు అంటే 60 గిగాహెర్ట్జ్. సీనియర్ చెప్పిన 1 టెరాహెర్ట్జ్ తరంగం 0.3 మిల్లీమీటర్లే. టైమ్‌టేబుల్ పేజీల మధ్య సందు దానికి సరిపోతుందో లేదో వచ్చే వారం అడగాలి.