వయోలా స్పోలిన్
వయోలా స్పోలిన్ (నవంబర్ 7, 1906 - నవంబర్ 22, 1994) ఆశునటనకు ఆటల పద్ధతిని రూపొందించిన అమెరికన్ నాటక శిక్షకురాలు. షికాగోలో జన్మించిన ఈమె నీవా బాయిడ్ వద్ద సామూహిక క్రీడల బోధన అభ్యసించారు. 1939 నుండి 1941 వరకు ప్రభుత్వ ఉపాధి పథకం క్రింద వలస కుటుంబాల పిల్లలకు నటన నేర్పుతూ, ఉపన్యాసాలకు బదులు ఆటలను ఆశ్రయించారు. అద్దం ఆటలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి కదలికలను మరొకరు ప్రతిబింబం వలె అనుసరిస్తారు. అందులో లీనమైనవారికి బెరుకు తెలియకుండానే తొలగిపోతుంది. శిక్షకుని మెప్పు కూడా మందలింపు వలెనే నటుణ్ణి పరాధీనుణ్ణి చేస్తుందని ఈమె భావించారు. సన్నివేశాన్ని ప్రేక్షకులనే సూచించమని అడిగే పద్ధతికి సాధారణంగా ఈమెనే ఆద్యురాలిగా పేర్కొంటారు. ప్రేక్షకుడు ఏమి కోరునో ముందుగా తెలియదు కనుక అక్కడ కంఠస్థం చేసిన సంభాషణలు అక్కరకు రావు. 1959లో సెకండ్ సిటీ బృందాన్ని స్థాపించినవారిలో ఒకరైన పాల్ సిల్స్ ఈమె కుమారుడే. ఈ ఆటలు 1963లో "ఇంప్రొవైజేషన్ ఫర్ ది థియేటర్" అనే గ్రంథంగా వెలువడ్డాయి.