జంషెడ్జీ టాటాగారు - నాగపురపు మిల్లు

భారతదేశపు కూలివాడు సోమరియనియు, యంత్రముకడ నిలుకడగా పనిచేయు స్వభావము వానికి లేదనియు పందొమ్మిదవ శతాబ్దమున పలువురు తెల్లదొరలు తీర్పు చెప్పుచుండిరి. మన ధనికులలోను ఆ మాట నమ్మినవారు లేకపోలేదు. వాదముతో గాక, మిల్లు నడిపియే ఆ తీర్పును పరీక్షించినవారు జంషెడ్జీ నస్సర్వాంజీ టాటాగారు.

వీరు 1839 మార్చి 3వ తేదీన గుజరాతునందలి నవసారిలో పార్సీ పురోహితవంశమున జన్మించిరి. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, తండ్రిగారి వర్తకమున ప్రవేశించిరి. 1869లో, దివాలాతీసిన నూనెమిల్లు నొకదానిని కొని, నూలుమిల్లుగా మార్చి, రెండేండ్లకు లాభమున కమ్మివేసిరి. అది వర్తకుని చాతుర్యము మాత్రమే.

1877 జనవరి 1వ తేదీన, విక్టోరియారాణి భారతచక్రవర్తినిగా ప్రకటింపబడిన నాడే, నాగపురమున ఎంప్రెస్ మిల్లు తెరువబడెను. ఆ పేరు మన చెవికి ఇంపు గాకపోవచ్చును. లోపల జరిగినది వేరు. చుట్టును ప్రత్తిభూములు, చేరువనే బొగ్గు, రైలుదారి యుండుటచేత వారు బొంబాయి విడిచి అంతదూరము వచ్చిరి. వచ్చినతోడనే చిక్కులు మొదలయ్యెను. యంత్రములు నాసిరకమువి. వాటాల ధర దిగజారెను. మేనేజరు బెజోంజీ దాదాభాయి మెహతాగారు రైలుకంపెనీనుండి వచ్చినవారే గాని నూలుపని యెరుగరు. ఇక కూలీలకు సేద్యపు కాలమే తెలియును గాని గంటకొట్టిన వేళ తెలియదు. పెండ్లి వచ్చినను, పండుగ వచ్చినను మిల్లు మొగము చూడరు. ఏదినము లెక్కించినను నూటికి ఇరువదిమంది రానివారే.

ఇట్టియెడ యజమానులు సాధారణముగా నేమి చేయుదురో చదువరులకు తెలియనిది కాదు: జుర్మానా, తిట్టు, పేరు కొట్టివేత. టాటాగారు రానివానిని దండించుటకు ముందు, వచ్చినవాడు నిలుచు చోటును చూచిరి. మిల్లులో గాలి యాడుటకును, ఉక్క తగ్గుటకును, నిప్పంటుకొన్నచో తమంత నీరు చిమ్ముటకును సాధనము లమర్చిరి. ఆటలపోటీలు, బహుమతులు పెట్టి కార్మికుల కుటుంబములను పిలిచిరి. 1886లో పింఛను నిధి నేర్పరచిరి. 1895 మొదలు పనిలో దెబ్బతిన్నవారికి పరిహార మిచ్చిరి. దొరతనమువారి చట్టము 1923 దాక రాలేదు. తాము ఇతరులకన్న ఉదారులమని వారు చెప్పుకొనలేదు. కార్మికుని క్షేమము వ్యాపారమునకు పునాది యనియే వారి లెక్క.

యంత్రముల విషయమునను ఇదే చూపు. నాసి యంత్రములను మార్పించిరి. అమెరికాలో పుట్టిన రింగు కదురును వాడుటకు లాంకషైరు మిల్లుదారులే సందేహించుచుండగా, 1883లో తమ మిల్లులో పరీక్షించిరి. పాత మ్యూలు యంత్రమునకు చేయి తిరిగిన పనివాడు కావలయును. రింగునకు అంత నైపుణ్య మక్కరలేదు. కొత్తచేతులే యున్న నాగపురమునకు సరిపడిన యంత్రమును వెదకినట్లయ్యెను. నూలుపని యెరుగని మెహతాగారే అన్నాళ్లును మేనేజరుగా నుండి సమర్థులని పేరుగాంచిరి.

దోషము చెప్పకుండుట న్యాయము గాదు. నాటి మిల్లులలో పని ప్రొద్దుపొడుపునుండి ప్రొద్దుగ్రుంకువరకు సాగెడిది. మగకూలీల పనిగంటలకు చట్టము హద్దు పెట్టినది 1911లోనే. కూలియు స్వల్పమే. ఎంప్రెస్ మిల్లు ఆ కాలపు బిడ్డయే.

1886లో, 55 లక్షలు ఖర్చయి చెడిపోయిన కుర్లాలోని ధరంసీ మిల్లును వారు పన్నెండున్నర లక్షలకు కొని స్వదేశీ యని పేరిడిరి. దేశమున స్వదేశీ యుద్యమము లేచుటకు ఇది పందొమ్మిదేండ్లు ముందు. మిల్లు తొలుత నష్టములే తెచ్చినది. మూసివేయుట సులభము; వారు తమ ఎంప్రెస్ వాటాలను కొన్ని అమ్మి దానిని నిలబెట్టిరి.

1904 మే 19వ తేదీన జర్మనీలో వారు మరణించిరి. అంతకు రెండేండ్లముందు, 1902లో, విదేశమునుండి కుమారుడు దొరాబ్జీకి జాబు వ్రాసి, కట్టదలచిన ఇనుపకర్మాగారపు ఊరిలో వీధులు వెడల్పుగా నుండవలెననియు, త్వరగా పెరిగి నీడనిచ్చు చెట్లు నాటవలెననియు తెలిపిరి. అప్పటి కింకను ఆ ఊరికి స్థలమే నిర్ణయము కాలేదు.